పారబోయని మొదటి నీళ్ళు

సెర్బియాలో మా బూట్ల ఫ్యాక్టరీలో ఆడవాళ్ళ దొడ్డికి తాళం ఉండేది. తాళంచెవి ఫోర్‌మన్ ల్యూబిషా మెడలో ఎర్ర తాడుకి వేలాడేది, గొర్రె మెడలో గంటలాగా. ఒంటేలుకి పోవాలంటే చెయ్యెత్తాలి. వాడు చూసి, చూడనట్టు ఇంకో లైను వైపు తిరుగుతాడు. మళ్ళీ ఎత్తాలి. అప్పుడొచ్చి, "ఇందాకే కదా వెళ్ళావు?" అంటాడు. ఇటలీ దొరసానులు తొడుక్కునే బూట్లకి పైతోలు కుట్టేది మేం. ఆ బూట్లేసుకున్న ఏ ఒక్కత్తీ జన్మలో ఒంటేలుకి చెయ్యెత్తి ఉండదు.

నా పేరు కోసాన. నా పక్క మిషను స్టోయాంక అక్కది. అరవైకి దగ్గరపడిన మనిషి, ముగ్గుర్ని కన్న ఒళ్ళు. ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం అక్క చెయ్యెత్తింది. ల్యూబిషా లేడు. ఫుట్‌బాల్ పందెం కాయడానికి రోడ్డవతలి కొట్టుకి పోయాడు, తాళంచెవి కూడా వాడితోనే పోయింది. అక్క ఎత్తిన చెయ్యి దించలేదు. కాసేపు రెండో చేత్తోనే కుట్టింది. తర్వాత కుట్టడం మానేసింది. ఆ తర్వాత కుర్చీ కింద తడి కనబడింది.

అక్క ఏడవలేదు. మిషను ఆపింది. బల్ల మీది తోలుముక్క తీసి నడుముకి చుట్టుకుంది. అందరి మధ్యలోంచీ తలెత్తుకుని నడిచి గేటు దాటింది. వెనకే నేను పోయాను. నా వెనక లైనంతా వచ్చింది.

మేం అడిగింది ఒక్కటే. ఆ తాళం తీసెయ్యండి. జీతం మాటే ఎత్తలేదు. దొడ్డికి పోయే హక్కు కోసం సమ్మె చెయ్యాల్సొచ్చిందంటే ఈ దేశం ఎక్కడికి పోయిందో మీరే చూసుకోండి.

డైరెక్టర్ తిహోమీర్ గేటు దాకా వచ్చాడు. కొత్త కోటు, మెడకి మఫ్లరు.

"తాళం తీస్తే మీలో సగం మంది దొడ్లోనే కాపురం పెడతారు. గురువారం ఇటలీ నుంచి యజమానులు వస్తున్నారు. ఆ పూటకి మిషను ముందు కూర్చోనివాళ్ళు ఇంక రానక్కర్లేదు. స్టోయాంకా, నువ్వు కూర్చున్నా సరే, రానక్కర్లేదు. నీ కుర్చీ పారేయించాను."

"కుర్చీ నాదా? నువ్వు కొనిచ్చిందే కదా. పారేసుకో," అంది అక్క.

నోరు గట్టిదే. కానీ ఆ వయసులో ఆ ఊళ్ళో ఇంకో పని దొరకదు. గురువారం దాకా గేటు దగ్గర మనుషులు నిలబడితే అక్క ఉంటుంది. చెదిరిపోతే పోతుంది. తాళం ఉండిపోతుంది.

సమ్మె అంటే ఉపన్యాసాలనుకునేవాళ్ళు ఎన్నడూ చలిలో నిలబడినవాళ్ళు కారు. సమ్మె అంటే గింజలు. పెద్ద రాగి డేగిసా, కింద కట్టెల మంట, అందులో తెల్ల చిక్కుడు గింజలు, పొగబెట్టిన పంది పక్కటెముకలు. ఆ వాసనకి ఇంట్లో దుప్పటి కప్పుకున్న మనిషి కూడా లేచి వస్తుంది. వచ్చినమ్మ గిన్నె పట్టుకుంటుంది, గిన్నె పట్టుకున్నమ్మ నిలబడుతుంది, నిలబడినమ్మ అరుస్తుంది. మా సంఘం మొత్తం ఆ డేగిసాలోనే ఉండేది.

తిహోమీర్ వెధవే కానీ తెలివితక్కువవాడు కాదు. సోమవారం మోంచిలో అనే కాపలావాడి చేతికి నీళ్ళ గొట్టం ఇచ్చి పంపి మంట ఆర్పించాడు. గేటుకి "ఇక్కడ మంట నిషేధం" అని అట్ట కట్టించాడు. మోంచిలో నా పెళ్ళికి సాక్షి, నా కూమ్. మాలో ఆ చుట్టరికం తోడబుట్టినవాడి కంటే ఎక్కువ. వాడు నీళ్ళు కొడుతూ నా మొహం చూడలేకపోయాడు.

"ఏం చెయ్యను కూమా, నాకూ పెళ్ళాం పిల్లలున్నారు."

"కొట్టు. కట్టెల మీద కొట్టు, గింజల్లో పడనీకు."

సాయంత్రానికి సగం మంది ఇళ్ళకి పోయారు. మొరావా నది మీంచి పొగమంచు లేచి మిగిలినవాళ్ళ ఎముకల్లోకి దూరింది.

మంగళవారం పొద్దున స్టోయాంక అక్క చంకలో పెద్ద అట్టపెట్టె పెట్టుకుని వచ్చింది. వియన్నాలో ఇళ్ళు తుడిచే ఆడపడుచు తెచ్చిచ్చిన స్లో కుక్కరు. వచ్చిన రోజు నుంచీ బీరువా మీద దుమ్ము కొట్టుకుంటోంది.

"ఇదేం కుండే అక్కా? మంటేదీ?"

"మంటుండదు. కరెంటు. పొద్దున పెడితే సాయంత్రానికి ఉడుకుతుందట."

"సాయంత్రం దాకా ఏం చేస్తుందట?"

"ఆలోచిస్తుందేమో, నాకేం తెలుసు."

మంట నిషేధం. కరెంటు నిషేధమని అట్ట మీద లేదు. గేటు స్తంభానికి కంపెనీ పేరు వెలిగే బోర్డు ఉంది, దాని వెనక ప్లగ్గు ఉంది. నేను బోర్డు తీగ లాగేశాను, కుండ తీగ పెట్టాను. కంపెనీ పేరు ఆరిపోయింది. గింజలు వేడెక్కడం మొదలైంది.

సెర్బియాలో గింజలు వండడం వచ్చినవాళ్ళందరికీ ఒకటి తెలుసు. మొదటి నీళ్ళు పారబొయ్యాలి. నానిన గింజల్ని ఒక పొంగు పొంగించి, ఆ నీళ్ళు పారబోసి, వేడి నీళ్ళు పోసి, అప్పుడే ఉల్లిపాయ, ఆకు, ఎండు మిరపకాయ, ఆ తర్వాతే మాంసం. పారబొయ్యకపోతే కడుపు డోలు అవుతుంది. ఇది చెప్పక్కర్లేదు, అడగక్కర్లేదు. కుండలో మాంసం కనబడిందంటే నీళ్ళు పోయినట్టే.

మంగళవారం అక్క అన్నీ పద్ధతిగానే చేసింది. మధ్యాహ్నానికి వాసన లేచింది. ఆ చిన్న కుండ ఎంతమందికి చాలుతుందని ఎవరూ అడగలేదు. వాసనకే జనం మళ్ళీ చేరారు. వాసన పైకి కూడా పోయింది, ఆఫీసు కిటికీ సరిగ్గా గేటు మీదే.

కాసేపటికి మోంచిలో తల దించుకుని వచ్చాడు.

"కూమా, బోర్డు ఎందుకారిందని అడిగాడు. కంపెనీ కరెంటు దొంగతనమట. కుండ తెమ్మన్నాడు."

"కరెంటు వాడిదైతే కరెంటు తీసుకోమను. గింజలు నావి!" అంది అక్క.

"వేరు చేసి తేవడం నాకు చేతకాదక్కా."

కుండ పోయింది. సాయంత్రం తిరిగొచ్చింది. ఖాళీగా. కడగకుండా. అడుగున ఎండిపోయిన పొట్టు, అంచుకి రొట్టెతో తుడిచిన గుర్తులు.

మోంచిలో గొంతు సవరించుకున్నాడు. "సారు చెప్పమన్నాడు... బాగుందట. ఉప్పు కొంచెం తక్కువైందట."

స్టోయాంక అక్క మొహం అప్పుడు చూడాలి. కుర్చీ తడిసిన రోజు కూడా ఆ మొహం అలా ఎర్రబడలేదు.

బుధవారం ఉపవాసం. మాంసం, పాలు, గుడ్లు ముట్టం. తిహోమీర్ కూడా ముట్టడు. చర్చిలో ముందు వరసలో నిలబడేవాడు, నలుగురూ చూస్తారు. మేం అక్క వంటింట్లో పుల్లబెట్టిన క్యాబేజీ నంజుకుని రొట్టె తింటున్నాం. నేను అన్నాను:

"అక్కా, ఒకరోజంతా ఉపవాసం ఉన్నవాడికి గురువారం ఎంత ఆకలేస్తుందో ఆలోచించు."

"ఆకలేస్తే మట్టి తినమను."

"మళ్ళీ కుండ పెడదాం. మళ్ళీ లాక్కుంటాడు."

"లాక్కోడానికి నా పక్కటెముకలా? నవంబరులో కోసిన పంది అది. పేరు పెట్టి పెంచాను. వాడికి పెట్టడానికా?"

"వండుదాం. నీళ్ళు మాత్రం పారబొయ్యొద్దు."

అక్క నమలడం ఆపింది. చాలాసేపు నన్నే చూసింది. కొడుకు వేరే మతం పిల్లని తెచ్చానని చెప్పినప్పుడు కూడా అలా చూసి ఉండదు.

"పారబొయ్యకుండానా?"

"నానబెట్టిన నీళ్ళు కూడా అందులోనే."

"ఛీ! మా అమ్మ సమాధిలోంచి లేచొస్తుందే కోసానా! నా చేతి గింజలని ఊరంతా చెప్పుకుంటారు."

"మనం తినం కదా."

"నేను వండినట్టేగా! వాడు చస్తే?"

"గింజలకి ఎవరూ చావరు అక్కా. పొగరుకే చావాలంటే ఇప్పటికే చచ్చుండాల్సింది. కాస్త గాలి పోతుంది, అంతే."

అక్క లేచి పొయ్యి దగ్గరికి పోయింది. నానబెట్టిన గింజల గిన్నె చూసింది. చెయ్యి అలవాటు కొద్దీ వంచడానికే పోయింది. ఆపుకుంది. ఆ నీళ్ళతో సహా కుండలో పోసేసి, సిలువ గుర్తు వేసుకుంది. ఎముకలు పెట్టింది. ఉల్లిపాయ వేసింది. ఇక అయిపోయిందనుకుని నేను కోటు తొడుక్కుంటున్నాను. అక్క అల్మారా తెరిచి ఒక సీసా తీసింది. పొగలో ఎండబెట్టిన రేగుపళ్ళ లాంటివి, మా నల్ల ప్లమ్ముపళ్ళు. మూడు రోజులు కదలని కడుపుని కూడా లేపి పరిగెత్తిస్తాయి. రెండు గుప్పెళ్ళు పోసింది. ఆగింది. ఇంకో గుప్పెడు పోసింది.

"అక్కా!"

"కరిగిపోతాయిలే. పొగ వాసనలో పొగ వాసన, ఎవడికి తెలుస్తుంది." మూత పెట్టి, రాత్రంతా ఉడకడానికి తీగ ప్లగ్గులో గుచ్చింది. "ఉప్పు తక్కువైందన్నాడుగా. ఈసారి ఉప్పు కూడా సరిగ్గా వేశాను."

గురువారం పొద్దున రెండు నల్ల కార్లు గేటులోంచి పోయాయి. ఇటలీ యజమానులు ఇద్దరు, ఒక ముసలాయన, ఒక పడుచువాడు. తిహోమీర్ వంగి వంగి తలుపులు తీశాడు. మేం గేటు అవతల నిలబడి చూశాం. మిషన్లు ఆగే ఉన్నాయి. మేమెంతమందిమి ఉన్నామో, లోపలికి పోయి కూర్చునేది ఎవరో తిహోమీర్ కళ్ళతోనే లెక్కపెడుతున్నాడు. కొందరు ఊగుతున్నారు కూడా, దాచడమెందుకు. "అక్క సంగతి అక్క చూసుకుంటుంది, మా పిల్లల సంగతి?" అని నా మొహం మీదే అన్నది ఒకత్తి.

"సాయంత్రం దాకా ఆగు. సాయంత్రం పోదువుగాని," అన్నాను.

కుండ ప్లగ్గులో పెట్టాను. బోర్డు ఆరిపోయింది. వాసన లేచింది.

మోంచిలో వచ్చాడు.

"కూమా..."

"తీసుకుపో."

వాడు కంగారుపడ్డాడు. నేను ఏదో ఒకటి తిట్టకుండా ఇచ్చింది ఏనాడూ లేదు.

"గొడవ పడవా?"

"ఏం గొడవ. ఇంకా ఉడకాలి, పైన ప్లగ్గులో పెట్టమను. మధ్యాహ్నానికి మెత్తబడుతుంది." వాడి చొక్కా గుండీ పట్టుకుని దగ్గరికి లాగాను. "నువ్వు మాత్రం రొట్టె తిను. ఒట్టి రొట్టె."

మోంచిలో నన్ను చూశాడు, కుండని చూశాడు, స్టోయాంక అక్కని చూశాడు. అక్క ఆకాశంలో పక్షుల్ని చూస్తోంది.

"నాకీమధ్య గింజలు పడట్లేదులే," అన్నాడు. కుండ గుండెకి హత్తుకుని, ఏనాడూ లేనంత జాగ్రత్తగా మెట్లెక్కాడు.

తర్వాత జరిగింది వాడే చెప్పాడు. తిహోమీర్ మూత తీశాడట. గరిటెతో పక్కటెముక పైకెత్తాడట. "మాంసం పడిందంటే పని అయిపోయినట్టే, ఇంక మెత్తబడడమే" అని వంట తెలిసినవాడిలా అన్నాడట. అందరూ చేసే తప్పే చేశాడు. అడగలేదు. అడగాలని ఎవరికీ తోచదు. మధ్యాహ్నం యజమానులకి వడ్డించి, "మా పనివాళ్ళు ప్రేమతో పంపారు" అని ఇటాలియన్‌లో చెప్పాడట. ముసలాయన రెండోసారి పెట్టించుకున్నాడు. ల్యూబిషా, అతిథులు తిన్నాక కుండ అడుగు మొత్తం గీకాడు.

మేం గేటు దగ్గర ఒట్టి రొట్టె నములుతూ కూర్చున్నాం. కిటికీలోంచి నవ్వులు వినబడ్డాయి. తర్వాత నవ్వులు ఆగాయి. ఆ తర్వాత ఒక కిటికీ తెరిచారు, అంత చలిలో. కాసేపటికి అన్ని కిటికీలూ తెరిచారు.

"దేవుడా క్షమించు," అంది అక్క, ఏమాత్రం పశ్చాత్తాపం లేకుండా.

ఆ భవనంలో మగవాళ్ళందరికీ పైన ఆఫీసులో ఒకే దొడ్డి. అందరికంటే ముందు అందులోకి దూరింది ల్యూబిషా. అందరికంటే ఎక్కువ తిన్నది వాడే కదా. దూరి గడియ పెట్టుకున్నాడు. మెడలో తాళంచెవితో సహా.

తిహోమీర్ మెట్లమీద కనబడ్డాడు. దిగుతున్నాడా పరిగెత్తుతున్నాడా తెలీని నడక, మోకాళ్ళు రెండూ ఒకదానికొకటి అంటుకుని. వెనక ఇద్దరు ఇటలీవాళ్ళు, పాలిపోయి. ఆవరణ దాటి నేరుగా ఆడవాళ్ళ దొడ్డి తలుపు దగ్గరికి. గేటులోంచి మాకు అంతా కనబడుతోంది. తిహోమీర్ తలుపు తోశాడు. తాళం గణగణలాడింది.

"ల్యూబిషా! తాళంచెవి కిందికి పడెయ్!"

పైనుంచి, ఎక్కడో గోడ లోపలి నుంచి, సన్నగా: "కిటికీ తెరుచుకోదు సార్! సిగరెట్లు తాగుతున్నామని మీరే మేకులు కొట్టించారు!"

"తలుపు తీసి ఇవ్వరా!"

"లేవలేను సార్!"

గేటు దగ్గర అరవైమంది ఆడవాళ్ళం. ఒక్కరు కూడా నవ్వలేదు, అంత కష్టమైన పని నేను జీవితంలో చెయ్యలేదు. పొద్దున పిల్లల సంగతేంటన్న ఆవిడ నవ్వాపుకోడానికి నా భుజం కొరుకుతోంది.

స్టోయాంక అక్క ఏప్రాన్ జేబులోంచి మిషను స్క్రూడ్రైవరు తీసింది. "నేను విప్పగలను," అంది, గట్టిగానే. ఎవరూ చెప్పకుండానే మోంచిలో గేటు తెరిచాడు. అక్క నడిచింది. వెనక అందరం.

"తొందరగా!" అన్నాడు తిహోమీర్.

"చెయ్యెత్తండి సార్," అంది అక్క.

"ఏంటీ?"

"ఇక్కడి పద్ధతి అంతే. చెయ్యెత్తితే నేను చూస్తాను. అప్పుడు ఆలోచిస్తాను."

తిహోమీర్ నుదుటిమీద ఆ చలిలో చెమటలు పోస్తున్నాయి. చెయ్యి ఎత్తాడు. మోచేతి దాకానే.

"ఇందాకే కదా వెళ్ళారు?" అన్నాను నేను. అనకుండా ఉండలేకపోయాను.

అక్క వంగి గొళ్ళెం మరలు విప్పింది. నిదానంగా. ఒక్కో మరా విప్పి జేబులో వేసుకుంటూ. గొళ్ళెం తాళంతో సహా ఆమె చేతిలోకి వచ్చింది. తలుపు తెరుచుకోగానే తిహోమీర్ ముందుకి దూకాడు. ముసలాయన అతని భుజం మీద చెయ్యి వేసి పక్కకి తోసి, తనే లోపలికి పోయాడు, పడుచువాడు బయటి నుంచి తలుపు పట్టుకున్నాడు. యజమాని. ఏమంటాడు తిహోమీర్? "దయచెయ్యండి" అని వంగాడు. వంగడం తప్పని తెలుసుకుని వెంటనే నిటారుగా అయ్యాడు.

ముసలాయన బయటికి వచ్చేసరికి కాస్త మనిషి రంగుకి వచ్చాడు. అక్క చేతిలోని తాళం చూశాడు. మా అందరినీ చూశాడు. ఏదో అడిగాడు. ఇటాలియన్ వచ్చింది తిహోమీర్ ఒక్కడికే.

"ఏమంటున్నాడు?" అంది అక్క, తలుపుకి అడ్డంగా నిలబడి.

"ఈ తాళం ఎందుకని అడుగుతున్నాడు. తప్పుకో స్టోయాంకా!"

"చెప్పు. నిజం చెప్పాకే తప్పుకుంటాను. అబద్ధం చెప్పావో, పైన ల్యూబిషా లేచేదాకా ఇక్కడే ఉంటాను."

చెప్పాడు. నాకు ఆ భాష రాదు. కానీ "ల్యూబిషా" అన్న పేరు, మెడ చుట్టూ తాడులా గీసిన వేలు, ఎత్తిన చెయ్యి, చివర స్టోయాంక అక్క వైపు చూపు, అన్నీ కనబడ్డాయి. ముసలాయన తాళం అందుకుని బరువు చూసి తిరిగి ఇచ్చేశాడు. ఆగిపోయిన మిషన్ల హాలు వైపు చూపించి తిహోమీర్‌తో రెండు ముక్కలు అన్నాడు. వాడేదో ధర్మాత్ముడని కాదు. వాడి బూట్లు కుట్టాలి, కుట్టేది మేం, అదీ సంగతి. యజమాని మంచితనం మీద ఆశ పెట్టుకోకండి, వాడి తొందర మీద పెట్టుకోండి.

"ఏమన్నాడు?"

"తర్వాత చెప్తాను, నీకు పుణ్యముంటుంది!"

అక్క తప్పుకుంది. తిహోమీర్ లోపలికి ఉరికాడు. బయట గొళ్ళెం, లోపల గడియ ఏదీ లేని తలుపు వాడి వెనకాల మెల్లగా, మూలుగుతూ, తనంతట తనే తెరుచుకోవడం మొదలెట్టింది.

"తలుపు! తలుపు పట్టుకోండి ఎవరైనా!"

అక్క పిడి పట్టుకుని మూసింది. రెండు చేతులతో, వెనక్కి వాలి.

"పట్టుకున్నాను సార్. ఏమన్నాడు?"

లోపలి నుంచి ఒక శబ్దం. ఆ తర్వాత మాట. "రేపటి నుంచి లైను నడవాలన్నాడు. ఎలాగైనా."

"మరి తాళం?"

"ఉండదు!"

"తాళంచెవి?"

"ఉండదు! ల్యూబిషా మెడలో ఏమీ ఉండదు!"

"నా కుర్చీ?"

"కొత్తది! మెత్తది!"

"గట్టిగా సార్. గేటు దగ్గర ఇంకా ఇద్దరున్నారు, వాళ్ళకి వినబడలేదట."

వాడు అరిచాడు. తాళం లేదు, అనుమతి లేదు, స్టోయాంక ఉద్యోగంలోనే ఉంది అని, పీక చించుకుని, ఆవరణంతా మారుమోగేలా. పడుచు ఇటలీవాడు గోడకి ఆనుకుని, కళ్ళు మూసుకుని, తన వంతు కోసం ప్రార్థన చేసుకుంటున్నాడు.

స్టోయాంక అక్క నా వైపు తిరిగింది. "అందరూ విన్నారా?"

"విన్నాం," అన్నాం అందరం.

అక్క తలుపు వదిలేసింది.

"అక్కా! మాటిచ్చాడుగా!" అన్నాను, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని.

"వాడిచ్చాడు," అంది ఆమె, చేతులు ఏప్రాన్‌కి తుడుచుకుంటూ. "పట్టుకుంటానని నేనివ్వలేదే."